ఎలర్జీ గురించి పెట్టెలు చెప్పేదెంత?

చర్మపు ఎలర్జీ గురించి మనం చదివే రచనలలో పాఠ్యపుస్తకానిది చిట్టచివరి స్థానం. పన్నెండో తరగతి స్థాయి జీవశాస్త్రంలో రోగనిరోధక వ్యవస్థ పాఠం చివర ఎలర్జీకి ఒక పేరా దొరుకుతుంది. పుప్పొడి, ఇంటి దుమ్ము, తుమ్ములు, ఐ.జి.ఇ. ప్రతిరక్షకాలు, హిస్టమిన్ అనే నాలుగైదు మాటలతో అది ముగుస్తుంది. మిగిలిన చదువంతా ఇంట్లోనే జరుగుతుంది: హెయిర్‌డై పెట్టె వెనుక చిన్న అక్షరాల్లో, క్రీము ట్యూబు మీద పెద్ద అక్షరాల్లో, వారపత్రికల ఆరోగ్య సలహాల పేజీలో. లక్షలమంది చదివే ఈ రచనలను ఎవరూ సమీక్షించరు. నవలకూ, కవితా సంపుటికీ దక్కే గౌరవం వీటికి లేదు. కాని నవల బాగుండకపోతే పాఠకుడికి పోయేది ఒక పూట. ఈ వచనం తప్పయితే పోయేది అరచేతుల చర్మం, ఒక్కోసారి బతుకుతెరువు. కాబట్టి వీటిని కాస్త నిదానంగా చదివి చూద్దాం.

ముందుగా హెయిర్‌డై పెట్టె. జుట్టుకు చాలాకాలం నిలిచే నల్లరంగు ఇచ్చే డైలలో ఎక్కువవాటిలో ఉండే ముఖ్య రసాయనం పారా-ఫినిలిన్ డై ఎమీన్. క్లుప్తంగా పి.పి.డి. అంటారు. బెంజీను వలయానికి ఎదురెదురుగా రెండు ఎమినో సమూహాలు తగిలించితే వచ్చే చిన్న అణువు ఇది. హైడ్రోజన్ పెరాక్సైడుతో కలిపి తలకు పట్టించినప్పుడు వెంట్రుక లోపలే ఆక్సీకరణం చెంది, ఒకదానితో ఒకటి ముడిపడి, మళ్ళీ బయటికి రాలేనంత పెద్ద రంగు అణువులుగా మారుతుంది. అందుకే ఎన్నిసార్లు తలంటుకున్నా ఆ నలుపు వదలదు. ఇటువంటి డై పెట్టెలమీద ఒక హెచ్చరిక కనిపిస్తుంది. దాని సారాంశం ఇది: ఇందులోని పదార్థాలు కొందరి చర్మానికి చికాకు కలిగించవచ్చు, కాబట్టి వాడేముందు పరీక్ష చేసుకోండి, కనుబొమలకూ కనురెప్పల వెంట్రుకలకూ వాడవద్దు, చూపు పోవచ్చు. లోపలి కాగితంలో పరీక్ష పద్ధతి ఉంటుంది. చెవి వెనుకనో, ముంజేతి లోపలివైపునో కొద్దిగా రాసి, కొన్ని కంపెనీల ప్రకారం 24 గంటలు, మరికొన్నిటి ప్రకారం 48 గంటలు ఆగి చూడాలి.

ఈ వచనంలో మెచ్చుకోదగ్గవి రెండు ఉన్నాయి. కంటి గురించిన మాట ఊరికే భయపెట్టడానికి రాసినది కాదు. 1930లలో అమెరికాలో లాష్ లూర్ అనే కనురెప్పల రంగు వాడి కొందరు స్త్రీలు చూపు పోగొట్టుకున్నారు. అందులో ఉన్నది ఈ కోవ రసాయనమే. 1938లో అక్కడ సౌందర్య సాధనాలకు తొలిసారిగా కేంద్ర చట్టం రావడానికి తోడ్పడిన ఉదంతాలలో అది ఒకటి. రెండోది, డై వాడే ప్రతిసారీ పరీక్ష చేసుకోమనడం. ఎందుకు ప్రతిసారీ అన్నది మాత్రం ఆ కాగితం చెప్పదు. చెప్పి ఉంటే సగం పాఠం అక్కడే పూర్తయ్యేది.

ఇక లోపాలు. మొదటిది 'చికాకు' అన్న మాట. సబ్బునీళ్ళలో గంటలకొద్దీ గిన్నెలు తోమితే ఎవరి చేతులైనా పగులుతాయి. ఆమ్లం పడితే ఎవరి చర్మమైనా కాలుతుంది. అది రసాయనం చర్మాన్ని నేరుగా గాయపరచడం. మోతాదు పెరిగేకొద్దీ గాయమూ పెరుగుతుంది. ఎలర్జీ ఇది కాదు. ఎలర్జీలో ఆ పదార్థం స్వయంగా చేసే నష్టం దాదాపు ఏమీ ఉండదు. మన రోగనిరోధక వ్యవస్థే దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుని, తర్వాత అది తగిలిన చోటల్లా దాడి చేస్తుంది. అప్పుడు నూటికి తొంభైతొమ్మిదిమందికి ఏమీ చేయని పిసరంత మోతాదు ఆ ఒక్కరి ముఖమంతా ఉబ్బించడానికి చాలు. చికాకు అని చదివిన మనిషి ఏమనుకుంటాడు? కొంచెం మండితే తక్కువ రాసుకుంటే సరిపోతుంది అనుకుంటాడు. చికాకు విషయంలో అది నిజమే కావచ్చు, ఎలర్జీ విషయంలో కాదు.

రెండో లోపం కాలానికి సంబంధించినది. నా దృష్టిలో అదే పెద్దది. పాఠ్యపుస్తకంలోని ఎలర్జీ నిమిషాలలో పని చేస్తుంది: పుప్పొడి తగిలింది, తుమ్ము వచ్చింది. చర్మానికి తాకడం వల్ల వచ్చే ఎలర్జీకి రోజులు పడతాయి. వైద్యులు దీన్ని స్పర్శజనిత చర్మశోథ అంటారు. దీని యంత్రాంగాన్ని బయటపెట్టినవారిలో ముఖ్యుడు రక్తపు గ్రూపులు కనుగొన్నందుకు 1930లో నోబెల్ బహుమతి పొందిన కార్ల్ లాండ్‌స్టైనరే. నికెల్, పి.పి.డి. వంటి చిన్న పదార్థాలను రోగనిరోధక వ్యవస్థ తమంతట తాముగా గుర్తించలేదు. అవి చర్మంలోని ప్రోటీన్లకు అతుక్కున్నప్పుడే పరాయివిగా కనిపిస్తాయి. ఇలా అతుక్కుని పని చేసేవాటికి లాండ్‌స్టైనర్ పెట్టిన పేరు హాప్టెన్. 1930ల మధ్యలో జాకబ్స్‌తో కలిసి గినీపందుల మీద చేసిన ప్రయోగాలలో, ప్రోటీన్లతో చర్య జరిపే శక్తి ఎక్కువగా ఉన్న రసాయనాలే ఎలర్జీనీ ఎక్కువగా కలిగిస్తాయని చూపించాడు. 1942లో చేజ్‌తో కలిసి మరొక మెట్టు ఎక్కాడు. ఎలర్జీ వచ్చిన గినీపంది నుంచి తీసిన తెల్లకణాలను మరొకదానికి ఎక్కిస్తే ఎలర్జీ కూడా దానితోపాటు వెళ్ళింది. అంటే ఈ పని చేసేది రక్తంలో తేలియాడే ప్రతిరక్షకాలు కాదు, కణాలు. ఈనాడు వాటిని టి-కణాలుగా గుర్తిస్తున్నాము.

కణాలు కాబట్టే ఆలస్యం. మొదటిసారి తగిలినప్పుడు చర్మంలోని కాపలా కణాలు ఆ కొత్త పదార్థాన్ని మోసుకుని దగ్గరలోని లింఫ్ గ్రంథులకు చేరతాయి. అక్కడ దాన్ని గుర్తుపట్టే టి-కణాలు వృద్ధి చెందడానికి పది పదిహేను రోజులు పడుతుంది. ఈ దశలో పైకి ఏమీ కనబడదు. దురద లేదు, ఎరుపు లేదు. కొందరిలో ఈ దశ మొదటి వాడకంతోనే పూర్తవుతుంది, కొందరిలో ఏళ్ళ తరబడి వాడిన తర్వాత ఒకనాడు పూర్తవుతుంది. ఆ తర్వాత మళ్ళీ తగిలితే టి-కణాలు అక్కడికి చేరి, రసాయన సంకేతాలు విడుదల చేసి, చర్మాన్ని ఎర్రబరచి నీటిపొక్కులు లేపడానికి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఇప్పుడు డై కాగితం మీది 24 గంటల గడువు చూడండి. చాలామందిలో అసలు ప్రతిస్పందన అప్పుడే కళ్ళు తెరుస్తూ ఉంటుంది. ఆ గడువు దాటిందని ధైర్యంగా తలంతా పట్టించినవాళ్ళకు మూడోరోజు ఉదయం కనురెప్పలు అతుక్కుపోవచ్చు.

చర్మవైద్యులు చేసే పాచ్ పరీక్ష ఈ కాలపు లెక్కను మొదటినుంచీ గౌరవించింది. జర్మన్ వైద్యుడు యోసెఫ్ యాదసోన్ 1895లో ప్రకటించిన ఈ పద్ధతి మూలసూత్రం నేటికీ మారలేదు. అనుమానిత పదార్థాలను నిర్ణీత గాఢతలో చిన్న చిన్న బిళ్ళలలో పెట్టి వీపుకు అతికిస్తారు. 48 గంటలకు తీసి చూస్తారు. అంతటితో వదలరు, మూడో రోజో నాలుగో రోజో మళ్ళీ చూస్తారు. కొన్ని పదార్థాలకైతే వారానికి కూడా ఒకసారి చూడవలసి ఉంటుంది. ఇంట్లో చేసుకునే డై పరీక్షలో గాఢతకు కొలత లేదు, ఫలితాన్ని చదివే శిక్షణ లేదు. పైగా ఎలర్జీ లేనివారికి ఆ పరీక్షే తొలి పరిచయమై ఎలర్జీని అంటగట్టవచ్చునని ఐరోపా చర్మవైద్యులలో కొందరు అభ్యంతరం చెబుతూ వచ్చారు. ఆ వాదంలో బలముంది. అయినా ఉన్న పరీక్షను ఎత్తివేయడం కంటే, 'మూడు నాలుగు రోజులు ఆగి చూడండి. ఇంతకుముందు పడినా ఈసారి పడకపోవచ్చు' అని తెలుగులో స్పష్టంగా రాయడం మేలు.

'పడదు' అన్న మాట ఎంత చక్కనిదో గమనించారా? 1906లో వియన్నా పిల్లల వైద్యుడు ఫాన్ పిర్కే 'మారిన ప్రతిస్పందన' అన్న అర్థంలో ఎలర్జీ అనే పదాన్ని తయారుచేశాడు. అంతకు ఎంతో ముందునుంచే మన ఇళ్ళలో వంకాయ పడదు, గోంగూర పడదు అంటూనే ఉన్నారు. చిక్కు ఎక్కడంటే, ఈ మాట తిండి దగ్గర పుట్టి తిండి దగ్గరే ఆగిపోయింది. ఆరోగ్య సలహాల శీర్షికలకు వచ్చే ఉత్తరాలను చూడండి. చర్మం మీద దద్దుర్లు, దురద అని పాఠకుడు రాస్తాడు. వంకాయ, గుడ్డు, చేపలు కొంతకాలం మానండి, ఫలానా మాత్ర వాడండి అని జవాబు వస్తుంది. నిమిషాలలో లేచి గంటలలో అణిగిపోయే దద్దుర్లకూ, రోజుల తరబడి పొక్కులు, రసి, పొట్టుతో సాగే స్పర్శజనిత చర్మశోథకూ ఈ శీర్షికలు తేడా చూపవు. మొదటిదానిలో హిస్టమిన్‌ను అడ్డుకునే మాత్ర బాగా పని చేస్తుంది. రెండోదానిలో అసలు నాటకం నడిపేది టి-కణాలు కనుక ఆ మాత్ర నిద్ర తెప్పించవచ్చు గాని జబ్బును ఆపదు.

అంతకంటే పెద్ద లోటు, ఆ జవాబులు అడగవలసిన మొదటి ప్రశ్నను అడగకపోవడం: ఒంటి మీద ఎక్కడ? స్పర్శజనిత చర్మశోథ తన కారణాన్ని తానే బొమ్మ గీసి చూపిస్తుంది. చెవి తమ్మెల దగ్గర, బొడ్డు కింద జీన్స్ గుండీ తగిలే చోట ఎర్రబడితే నికెల్. పాదం మీద హవాయి చెప్పు పట్టీ ఆకారంలో 'వి' గుర్తు పడితే రబ్బరు తయారీలో వాడే రసాయనాలు. నుదుటి మీద గుండ్రంగా వస్తే బొట్టుబిళ్ళ జిగురులోని రెజిన్. (ఆ జిగురులోని కొన్ని ఫినాల్ రకపు రసాయనాలు దురదతో ఊరుకోవు, అక్కడి రంగునే చంపి తెల్లమచ్చ మిగులుస్తాయి.) గాయానికి పూసిన మందు చుట్టూ పుండు ఇంకా విస్తరిస్తుంటే, ఆ మందులోని నియోమైసిన్‌ను కూడా అనుమానించాలి. ఈ నాలుగింటిలో దేనికీ వంకాయతో సంబంధం లేదు. 'గజ్జి, తామర, దురదలకు ఒకే మందు' అనే ప్రకటనలు పురుగు వల్ల వచ్చేదాన్నీ, శిలీంధ్రం వల్ల వచ్చేదాన్నీ, ఎవరికీ అంటుకోని ఈ ఎలర్జీనీ ఒకే గాటన కట్టేస్తాయి. హాస్టలులో చేతులమీద పొక్కులున్న విద్యార్థి పక్కన ఎవరూ కూర్చోకపోవడానికి ఈ సాహిత్యం కూడా కొంత కారణం.

తర్వాతి మాట 'సహజం'. దీనికి తోబుట్టువులు 'హెర్బల్', 'రసాయనాలు లేనిది'. గోరింటాకు ఉదాహరణ తీసుకోండి. ఆకులో ఉండే రంగు పదార్థం లాసోన్, అది ఇచ్చేది ఎరుపు, నారింజ ఛాయలే. లాసోన్‌కు ఎలర్జీ చాలా అరుదు. మరి పది నిమిషాలలో కారునలుపు పండే కోన్ సంగతేమిటి? ఏ గోరింటాకూ ఆ పని చేయదు. చాలాసార్లు అందులో కలిపేది మళ్ళీ ఆ పి.పి.డి.నే, ఒక్కోసారి హెయిర్‌డైలో అనుమతించినదానికంటే ఎక్కువ గాఢతలో. పెళ్ళిలో సరదాగా అరచేతి వెనుక పూలు వేయించుకున్న పిల్లకు పదిరోజుల తర్వాత ఆ పూల ఆకారంలోనే పొక్కులు లేస్తాయి. పాతికేళ్ళ తర్వాత మొదటిసారి జుట్టుకు రంగు వేసుకున్న రోజున అదే ఎలర్జీ నిద్రలేస్తుంది. టి-కణాల జ్ఞాపకం అంత దీర్ఘమైనది.

నిజంగా సహజమైనవాటి సంగతీ చూద్దాం. వయ్యారిభామ అని మనం ముద్దుపేరు పెట్టుకున్న పార్థీనియం పూర్తిగా సహజమైన మొక్క. అమెరికా ఖండం నుంచి వచ్చి, 1955 ప్రాంతంలో పుణెలో గుర్తింపుకెక్కి, అక్కడినుంచి దేశమంతా పరుచుకుంది. దాని ఆకుల నూగులో ఉండే పార్థీనిన్ గాలికి ఎగిరే ఎండు తునకలతో వచ్చి రైతుల ముఖం మీద, మెడ మీద, మోచేతి మడతలలో వాలుతుంది. చాలామంది దీన్ని ఎండ పడకపోవడం అనుకుంటారు. కాని ఎండ తగలని చోట్లు, అంటే కనురెప్పలు, చెవుల వెనుక, గడ్డం కింద కూడా ఎర్రబడి ఉంటే అనుమానం గాలివైపు తిరగాలి. నల్లజీడి సంగతి మన రజకులకు తరతరాలుగా తెలుసు. బట్టలమీద గుర్తులు పెట్టే ఆ రసం, రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన దేశంలో ఉన్న విదేశీ సైనికులకు కాలరు దగ్గర, నడుము దగ్గర సరిగ్గా గుర్తు పెట్టిన చోటే పుండ్లు లేపింది. ఆ కుటుంబానికే చెందిన జీడిమామిడి గింజ తొక్కలోని నూనె, పలాస వంటి చోట్ల జీడిగింజలు ఒలిచే స్త్రీల వేళ్ళను మొదట నేరుగా కాలుస్తుంది. వారిలో కొందరికి ఆ తర్వాత ఎలర్జీనీ అంటిస్తుంది. నారింజ తొక్క వాసనకు మూలమైన లిమొనీన్ తాజాగా ఉన్నప్పుడు పెద్దగా ఏమీ చేయదు. సీసా మూత తీసి పెట్టగా గాలిలోని ఆక్సిజన్‌తో కలిసినప్పుడు ఏర్పడే పదార్థాలే ఎలర్జీ కలిగిస్తాయి. ప్రయోగశాలలో పుట్టిందా, చెట్టుకు కాసిందా అని టి-కణం అడగదు. ప్రోటీనుకు అతుక్కుందా లేదా అన్నదే దానికి కావాలి.

'హైపోఅలర్జెనిక్' అన్న మాటకు మరికొంత చరిత్ర ఉంది. ఎలర్జీ తక్కువ కలిగించేది అని దాని భావం. ఎంత తక్కువ, దేనికంటే తక్కువ? అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1975లో ఈ ప్రశ్నే వేసింది. ఆ మాట వాడదలచిన కంపెనీ మనుషుల మీద పరీక్షించి, పోటీ సరుకులకంటే తమది గణనీయంగా తక్కువ ప్రతిస్పందన కలిగిస్తుందని రుజువు చేయాలని నిబంధన తెచ్చింది. రెండు కంపెనీలు కోర్టుకెక్కాయి. 1977 చివర అప్పీలు కోర్టు ఆ నిబంధన చెల్లదన్నది. అప్పటినుంచీ అక్కడ ఆ మాటకు చట్టబద్ధమైన నిర్వచనం లేదు. అంటే అది శాస్త్ర పదం వేషం వేసుకున్న ప్రకటన పదం. దానికంటే వెనుకవైపు చిన్న అక్షరాలలో ఉండే పదార్థాల జాబితా వెయ్యి రెట్లు నిజాయితీ గలది. ఒక పదార్థానికి తనకు ఎలర్జీ ఉందని పరీక్షలో తేలిన మనిషికి పనికొచ్చే వచనం పెట్టె మొత్తం మీద అదొక్కటే. అందులోనూ ఒక చీకటిగది ఉంది. పదుల కొద్దీ పదార్థాల మిశ్రమాన్ని చాలా పెట్టెలు 'పెర్ఫ్యూమ్' అనే ఒక్క మాట కింద దాచేస్తాయి. ఐరోపాలో 2005 నుంచి 26 సుగంధ పదార్థాలను పేరు పేరునా రాయవలసి వచ్చింది. 2023లో ఆ సంఖ్యను ఎనభై వరకు పెంచారు.

అయితే లేబుల్ ఎంత బాగా రాసినా చేరలేని పాఠకులున్నారు. తాపీ మేస్త్రీని తీసుకోండి. 'సిమెంటు చేతులు తినేసింది' అని అతను చెప్పేదానిలో రెండు జబ్బులున్నాయి. తడి సిమెంటు క్షారగుణం ఎవరి చేతులనైనా తింటుంది. అందులో లేశమాత్రంగా ఉండే, ఆరు సంయోజకత గల క్రోమియం కొందరిలో ఎలర్జీని పుట్టిస్తుంది. అది వచ్చాక వృత్తి మానుకోవలసిన పరిస్థితి. దీనికి డెన్మార్క్ 1980ల ఆరంభంలో అమలులోకి తెచ్చిన విరుగుడు అన్నభేది, అదే ఫెర్రస్ సల్ఫేటు. సిమెంటులో కొద్దిగా కలిపితే, ఆరు సంయోజకత గల క్రోమియం మూడుకు క్షయకరణం చెందుతుంది. నీటిలో అంతగా కరగని ఆ రూపం చర్మంలోకి సులభంగా దిగదు. 2005 నుంచి ఐరోపా సమాజమంతటా సిమెంటులో కరిగే క్రోమియం పది లక్షల భాగాలలో రెండుకు మించరాదని నిబంధన అమలైంది. అక్కడి మేస్త్రీ ఏ లేబులూ చదవనవసరం లేకుండానే అతని చేతులకు కొంత రక్షణ దొరికింది.

నికెల్ కథా ఇలాంటిదే, ఇంకా ఆసక్తికరమైనది. చౌక లోహపు చెవిపోగులు, గడియారపు పట్టీలు, బెల్టు బకిల్సు చెమటకు లోనైనప్పుడు నికెల్ అయాన్లను వదులుతాయి. ఎలుకలకు నికెల్ ఎలర్జీ తెప్పించడం కష్టమని పరిశోధకులకు చాలాకాలంగా తెలుసు గాని కారణం 2010లోనే బయటపడింది. సూక్ష్మజీవుల రాకను పసిగట్టే టి.ఎల్.ఆర్.-4 అనే గ్రాహకంలో మనుషులకు ఒకచోట ఉన్న హిస్టిడిన్లు ఎలుకలకు లేవు. నికెల్ అయాను నేరుగా ఆ హిస్టిడిన్లకు అతుక్కుని, సూక్ష్మజీవి వచ్చిందన్న అబద్ధపు గంట మోగిస్తుంది. డెన్మార్క్ 1990 నుంచి, ఐరోపా సమాజం 1994 నాటి ఆదేశంతో, వస్తువులో నికెల్ ఎంత ఉందని కాక, అది చర్మానికి ఎంత వదులుతుందన్నదాని మీద పరిమితి పెట్టాయి. చర్మానికి దీర్ఘకాలం తగిలి ఉండే వస్తువులకు చదరపు సెంటీమీటరుకు వారానికి 0.5 మైక్రోగ్రాము. ఆ తర్వాత చెవులు కుట్టించుకున్న డెన్మార్క్ యువతులలో నికెల్ ఎలర్జీ ముందుతరం కంటే తగ్గింది.

మన దుకాణాలలో పోగుల అట్టమీద 'ఎలర్జీ ఉండదు' అని రాసి ఉన్నప్పుడు దాన్ని సరిచూసే దారి కళాశాల రసాయనశాలలోనే ఉంది. లవణ విశ్లేషణలో నికెల్‌ను పట్టుకోవడానికి మీరు వాడే డైమిథైల్ గ్లయాక్సిమ్, అమోనియాలే చర్మవైద్యులూ వాడతారు. రెండింటినీ చెరి రెండు చుక్కలు దూదిపుల్ల మీద వేసి, లోహాన్ని అర నిమిషం పాటు రుద్దండి. ఇది లెక్చరర్ ఎదుట, గాలి ఆడే చోట చేయవలసిన పని. దూది గులాబిరంగుకు తిరిగితే ఆ లోహం నికెల్‌ను వదులుతున్నట్టే. రంగు రాకపోతే మాత్రం తొందరపడి అట్ట మీది మాటను ఒప్పుకోకండి. రోల్డుగోల్డు పూత కొత్తగా ఉన్నంతకాలం దూది తెల్లగానే ఉండవచ్చు. ఆరునెలలు చెమటలో నాని పూత అరిగాక అదే పోగును మళ్ళీ రుద్ది చూడాలి.